వండర్‌లాలో పాపని ఎత్తుకునే డ్యూటీ ఎవరిది?

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. మా పాపకి రెండేళ్ళ మూడు నెలలు. మే రెండో వారంలో మా ఆడపడుచు, వాళ్ళాయన, వాళ్ళ ఇద్దరు పిల్లలు (పదమూడేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ బాబు) వేసవి సెలవులకి ఖమ్మం నుంచి వస్తున్నారు, నెలాఖరు దాకా ఉంటారు. అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు. శనివారం వండర్‌లా థీమ్ పార్కు, ఆదివారం రామోజీ ఫిల్మ్ సిటీ అని మా వారు ప్లాన్ వేసి, ఏడు సీట్ల బండి కూడా మాట్లాడేశారు. "పొద్దున్నే వెళ్ళి మూసేదాకా ఉంటేనే పెట్టిన డబ్బుకి న్యాయం" అంటారు. పాప మధ్యాహ్నం ఒంటిగంటకి నా దగ్గర పాలు తాగితే తప్ప పడుకోదు. ఆ నిద్ర తప్పితే సాయంత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. మొన్న జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే అందరూ జెయింట్ వీల్ ఎక్కారు, నేను పాపతో, అందరి సంచులతో కింద కూర్చున్నాను. ఈ సంగతి ఎత్తితే అత్తగారు "అయితే నువ్వూ పాపా ఇంట్లోనే ఉండిపోండి, ఎండలో ఎందుకు" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు కానీ నాకు ఏడుపొచ్చింది. నాకు రైడ్లంటే చచ్చేంత ఇష్టం. మా అమ్మావాళ్ళు ఊళ్ళో లేరు, పాపని ఎక్కడా వదిలే వీల్లేదు. ఈ రెండు రోజులూ ఎలా నెట్టుకురావాలి? స్ట్రోలర్ పనికొస్తుందా?
– ఓ తల్లి, నిజాంపేట

జవాబు: ముందు ఆదివారం సంగతి తేల్చేద్దాం. రామోజీ ఫిల్మ్ సిటీని ఈసారికి మానేయండి. చోటు మంచిదే, మీరు ఎంచుకున్న నెలే మంచిది కాదు. 1996లో మొదలైన ఆ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల్లో ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది కూడా. అంత పెద్ద చోట బస్సెక్కడం, దిగడం, సెట్ల మధ్య నడవడం, మళ్ళీ ఇంకో బస్సు కోసం నిలబడటం, ఇదే సగం రోజు. అందులో చాలా భాగం ఆరుబయటే. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటే రోజులకి లోటుండదు. దానికి తోడు నిజాంపేట ఊరికి ఓ చివర, ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఇంకో చివర. ముందు రోజు వండర్‌లాలో అలసిపోయిన పిల్లని మర్నాడు పొద్దున్నే లేపి అంత దూరం తీసుకెళ్తే, పదకొండు గంటలకల్లా మీ అందరికీ చుక్కలు కనిపిస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోండి. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇక ఆ ఏడు సీట్ల బండి. మీరు రాసిన వాళ్ళందరినీ లెక్కపెడితే తొమ్మిది మంది తేలారు. పాపని ఒళ్ళో, బాబుని ఎవరి మోకాళ్ళ మీదో కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్ళడం మీవారి ఆలోచన అయితే, అది వద్దు. 14 ఏళ్ళ లోపు పిల్లలకి సీటు బెల్టో, చైల్డ్ సీటో తప్పనిసరని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అంత వేగంగా బళ్ళు పోయే రోడ్డు మీద ఒళ్ళో పిల్లని చేతులతో ఆపగలమనుకోవడం ఉత్త భ్రమ. కాబట్టి ఎలాగూ రెండు బళ్ళు కావాలి. ఇది ఖర్చులా కనిపిస్తుంది కానీ, మీ రోజుని కాపాడేది ఇదే. ఒకే బండిలో వెళ్తే పాప ఏడ్చినా, అత్తగారి కాళ్ళు లాగినా, తొమ్మిది మందీ కలిసి తిరిగి రావాలి, లేదంటే తొమ్మిది మందీ కలిసి ఉండిపోవాలి. రెండు బళ్ళుంటే పాపా, పెద్దవాళ్ళూ నాలుగున్నరకి బయల్దేరిపోతారు, పెద్ద పిల్లలు మూసేదాకా ఆడుకుంటారు. రెండో బండి వాళ్ళకి "మూసేదాకా ఉంటేనే న్యాయం" అన్న మీవారి సూత్రం కూడా నిలబడుతుంది.

శనివారాన్ని వారం మధ్యకి జరపగలరేమో చూడండి. మీ ఆడపడుచు పిల్లలు నెలాఖరు దాకా ఉంటారన్నారు కదా, మీవారు ఒక్క మంగళవారమో బుధవారమో సెలవు పెడితే చాలు. వేసవి సెలవుల్లో శని, ఆదివారాలు పార్కు ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. రెండు నిమిషాల రైడ్ కోసం అరగంట వరసలో నిలబడితే మీ చేతిలో ఉన్న కాస్త సమయం అక్కడే కరిగిపోతుంది. ఇంకో మాట, "పొద్దున్నే వెళ్ళడం" అన్నది వండర్‌లాకి వర్తించదు. మామూలుగా 11 గంటల ప్రాంతంలో తెరుస్తారు, నీళ్ళ రైడ్లు ఆ తర్వాత కాసేపటికి మొదలవుతాయి. వేసవి వేళలు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు రోజు వాళ్ళ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ ఉత్తరంలో పాప నిద్ర గురించి రాశారు, స్ట్రోలర్ గురించి అడిగారు. కానీ మిమ్మల్ని బాధపెడుతున్నది నుమాయిష్‌లో ఆ సంచులు. అది మళ్ళీ జరగకూడదు. ఈసారి మీరు కింద కూర్చోకూడదు, ఇంట్లోనూ ఉండకూడదు.

రెండేళ్ళ పిల్లకి థీమ్ పార్క్ అక్కర్లేదు. ఇది కాస్త కటువుగా అనిపించవచ్చు. కుళాయి కింద బకెట్టు, ఆడుకోవడానికి నాలుగు గిన్నెలు, బాల్కనీలోంచి కనిపించే ఓ కుక్కపిల్ల, ఆ వయసులో వీటికి ఏ పార్కూ సాటిరాదు. పైగా ఆ రోజు ఆమెకి పెద్దయ్యాక గుర్తుండదు. కాబట్టి ఈ రోజు పాప కోసం అని అనుకోవడం మానేయండి. ఇది పెద్ద పిల్లల కోసం, మీ కోసం. పాప మీతో వస్తున్న ఒక చిన్న మనిషి, ఆమెని ఎవరో ఒకరు చూసుకోవాలి, అంతే. ఆ "ఎవరో ఒకరు" ఎవరో ముందే తేల్చకపోతే తల్లే అవుతుంది. ఎవరూ కుట్ర చేయరు. పాప ఏడవగానే అందరి కళ్ళూ మీ వైపు తిరుగుతాయి, మీ చేతులు వాటంతటవే చాచుకుంటాయి, అయిపోయింది.

అందుకని ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక, అందరూ ఉన్నప్పుడే, గంటలు చెప్పి పంచుకోండి. "కాస్త పాపని చూసుకుంటారా" అని మీవారిని అడగకండి. అలా అడిగితే అది మీ పని, ఆయన సాయం చేస్తున్నట్టు అవుతుంది. "పదకొండు నుంచి పన్నెండున్నర దాకా పాప మీది. తిండి, డైపర్, ఏడుపు, అన్నీ. ఆ టైమ్‌లో నేను, మీ మేనకోడలు రైడ్ల మీద ఉంటాం" అని చెప్పండి. అత్తగారి ముందే చెప్పండి, ఆవిడకి కూడా లెక్క తెలుస్తుంది. ఆవిడ "వాడికి డైపర్ మార్చడం ఏం తెలుసు" అంటారు. తెలియకపోతే ఈ వారంలో ఇంట్లోనే నాలుగుసార్లు మార్పించండి.

మీ ఇద్దరి వంతులు పాప నిద్రని బట్టి కుదురుతాయి. పాలు తాగితేనే పడుకుంటుందన్నారు, ఆ పని మీరు తప్ప ఎవరూ చేయలేరు. కాబట్టి నిద్ర గంట మీది, మెలకువ గంటలు మీవారివి. తెరిచిన దగ్గర్నుంచి పన్నెండున్నర దాకా పాప హుషారుగా ఉంటుంది, అప్పుడు ఆమెని చూసుకోవడం తేలిక, ఆ పని తండ్రికి. పన్నెండున్నరకి ఆయన అన్నం పెట్టేస్తారు, ఒంటిగంటకి మీరు వచ్చి పాలిచ్చి పడుకోబెడతారు. ఆ గంటన్నర మీరు నీడలో కూర్చోవడంలో నష్టం లేదు, మే నెల మిట్టమధ్యాహ్నం బయట తిరగడం కన్నా అదే నయం. ఆ టైమ్‌లో మీవారు తన మేనల్లుడితో తిరుగుతారు. రెండున్నరకి పాప లేస్తుంది, అందరూ కలిసి చిన్నపిల్లల నీళ్ళ చోటికి వెళ్తారు. నాలుగున్నరకి పాప, అత్తగారు, మామగారు, వాళ్ళతో మీవారో మీరో ఇంటికి. "మీరో" అని మర్యాదకి రాశాను. మీవారే వెళ్ళాలి. పొద్దుటి రైడ్లు ఎక్కలేదు కదా అని ఆయన గునిస్తే, మధ్యాహ్నం గంటన్నర ఆయనదే అని గుర్తుచేయండి.

ఇంకో చిట్కా. మీ వంతు కానప్పుడు పాపకి కనిపించకండి. తల్లి కనిపిస్తే పిల్ల తండ్రి దగ్గర ఉండదు, ఇది అందరిళ్ళలో ఉన్నదే. టాటా చెప్పి, మలుపు తిరిగి, నిజంగా దూరం వెళ్ళండి. మొదటి ఐదు నిమిషాల ఏడుపు మీవారు భరించాలి. ఆయన ఫోన్ చేస్తే ఎత్తండి, కానీ "ఏడుస్తోంది, వచ్చెయ్" అంటే వెంటనే పరుగెత్తకండి. నీళ్ళు తాగించారా, డైపర్ చూశారా, చెప్పుల్లో రాయి ఏమైనా ఉందా అని అడగండి. చాలాసార్లు అక్కడే సద్దుమణుగుతుంది.

విదేశాల్లోని డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని ఒక పద్ధతి ఉంది. ఒకరు రైడ్ ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు పిల్లతో ఆగి, తర్వాత మళ్ళీ మొత్తం వరస నిలబడకుండా తాము ఎక్కవచ్చు. ఇక్కడ అలాంటిది ఉందనుకుని లెక్కలు వేసుకోకండి. దానికి బదులు వండర్‌లాలో వరసని దాటవేసే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు అమ్ముతారు. ధర ఎక్కువే. తొమ్మిది మందికీ కొనమని నేను చెప్పను. కానీ మీ చేతిలో ఉన్నది పొద్దుట గంటన్నరే కాబట్టి, మీకూ మీతో తిరిగే ఆ అమ్మాయికీ కొనుక్కోండి. శనివారమే వెళ్ళక తప్పకపోతే ఇది ఇంకా అవసరం. దీనికి మీవారు ముఖం చిట్లిస్తే నుమాయిష్ సంచుల పేరు ఎత్తండి.

పిల్లల టికెట్ల దగ్గర వయసు కాదు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల చార్టులో రెండేళ్ళ ఆడపిల్ల సగటు ఎత్తు 86 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే మీ పాప సరిగ్గా గీత దగ్గర ఉండొచ్చు. ఇంట్లో గోడకి ఆనించి, చెప్పుల్లేకుండా కొలవండి, కౌంటర్ దగ్గర వాదన తప్పుతుంది. టికెట్ కొన్నంత మాత్రాన రైడ్లు ఎక్కనిస్తారని కాదు. ఆ ఎత్తుకి పెద్దవాళ్ళతో కలిసి ఎక్కే కొన్ని చిన్నపిల్లల రైడ్లే. అంతకన్నా ఆ తొమ్మిదేళ్ళ బాబు గురించి ఆలోచించండి. పెద్ద రైడ్లలో కొన్నింటికి 140 సెంటీమీటర్లు అడుగుతారు, తొమ్మిదేళ్ళ పిల్లల సగటు ఎత్తు 133 దగ్గర. అక్కకి ఛాన్స్ దొరికి తనకి దొరక్కపోతే, ఆ రోజు అందరికన్నా గట్టిగా ఏడ్చేది మీ పాప కాదు. ఇంట్లోనే కొలిచి, ఏవి ఎక్కగలడో ఏవి ఎక్కలేడో ముందే చెప్పేయమని మీ ఆడపడుచుకి చెప్పండి.

నిద్ర విషయంలో ఒక ప్రమాదం దారిలోనే ఉంది. నిజాంపేట నుంచి ఔటర్ మీదుగా వండర్‌లా ఉన్న రావిర్యాలకి గంటకి పైనే పడుతుంది. ఏసీ, బండి కుదుపు, పదిగంటల వేళ. పాప పావుగంట కునుకు తీసిందంటే ఆ రోజు మధ్యాహ్నం నిద్ర గోవిందా. ఇక మీరు ఎన్ని పాలిచ్చినా కళ్ళు తిప్పుతూ చూస్తుంది. వెళ్ళేటప్పుడు ఆమె పక్కన బావనో వదిననో కూర్చోబెట్టండి, వాళ్ళే ఆడిస్తారు. మెలకువగా ఉంచడానికి ఏం చేసినా సరే, ఫోన్ కూడా ఇవ్వండి, ఒక్క రోజుకి ఏం కాదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పడుకోనివ్వండి. ఆ వయసు పిల్లలకి రోజుకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రోజు కొంత తగ్గినా, మర్నాడు పొద్దున ఎవరూ లేపకపోతే పూడిపోతుంది. ఆదివారం పెట్టుకోవద్దన్నది అందుకు కూడా.

స్ట్రోలర్ తప్పకుండా పట్టుకెళ్ళండి, మడిస్తే గొడుగంత అయ్యే తేలికది. అది తిప్పడానికి కాదు, పడుకోబెట్టడానికి. పాప ఎలాగూ అందులో కూర్చోనంటుంది, ఖాళీ బండిలో సంచులు తిరుగుతాయి. మంచిదే, సంచులు మీ ఒళ్ళోంచి దిగుతాయి. ఒక్క జాగ్రత్త. ఎండ పడుతోందని దాని మీద దుప్పటో చున్నీయో పూర్తిగా కప్పేస్తుంటారు. లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది. బండినే నీడలోకి జరపండి, కప్పకండి.

తిండి. బయటి తిండి లోపలికి రానివ్వరు కానీ చంటిపిల్లల తిండికి అభ్యంతరం పెట్టరు. గేటు దగ్గర అడిగితే డబ్బా తీసి చూపించండి. పెరుగన్నం తీసుకెళ్తారనుకుంటా. మే నెలలో మామూలు పెరుగన్నం మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలపండి, తినే వేళకి సరిగ్గా తోడుకుని ఉంటుంది. దాంతో పాటు అరటిపండ్లు, ఇడ్లీ చాలు. కొత్త తిండి ఏదీ ఆ రోజు మొదలుపెట్టకండి. పక్కవాళ్ళ చేతుల్లోంచి వచ్చే పాప్‌కార్న్, పల్లీలు, కోయని ద్రాక్ష విషయంలో కళ్ళు తెరుచుకుని ఉండండి. ఈ వయసులో గొంతులో అడ్డం పడేవి ఇవే. మామగారు ప్రేమగా పెట్టేస్తారు, ఆయనకి ముందే చెప్పి ఉంచండి.

నీళ్ళు అడిగేదాకా ఆగకుండా మాటిమాటికీ రెండు గుక్కలు తాగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి సంచిలో ఉంటే మంచిది, కానీ అది అవసరమైతేనే. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు అని ఉందో అన్నిట్లో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి. లీటరు ప్యాకెట్‌లో సగం పొడి గ్లాసుడు నీళ్ళలో వేసి ఇవ్వడం తప్పు. ఓఆర్ఎస్ అని రాసి అట్ట డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాల గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దాని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని తేల్చింది. కాబట్టి రంగు డబ్బా వద్దు, మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్టే కొనండి. పాప ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, నోరు ఎండినా, ఆడకుండా మెడ వాల్చేసి మత్తుగా ఉన్నా, ఇక పార్కు సంగతి వదిలేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నీళ్ళ చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతావి తప్పితే రోజు పాడవుతుంది, ఇది తప్పితే అంతకన్నా పెద్దది జరుగుతుంది. కాటన్ బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు, నైలాన్ లాంటి ఈత బట్టలే కావాలి. అక్కడ కొనడం కన్నా ముందే కొనుక్కోవడం చవక, మీ అందరికీ కూడా. పాపకి ఈత డైపర్ వేయండి. మామూలు డైపర్ నీళ్ళు పీల్చి గుమ్మడికాయంత ఉబ్బుతుంది. ఈత డైపర్ కూడా ఒంటికి పోస్తే ఆపదు, దొడ్డికి వెళ్తే కాసేపు ఆపుతుంది, అంతే. అందుకని తరచుగా తీసి చూడాలి. అంతకు ముందు రెండు మూడు రోజుల్లో పాపకి విరేచనాలు అయి ఉంటే నీళ్ళలోకి దింపనే వద్దు, అది తోటి పిల్లల మంచికి.

రెండేళ్ళ పిల్ల మునగడానికి లోతు అక్కర్లేదు, చీలమండ దాటిన నీళ్ళు చాలు. అరుపు వినబడుతుందనుకోవద్దు, చాలాసార్లు చప్పుడే ఉండదు. చేతికి తొడిగే గాలి తొడుగులు ఆటకే, రక్షణకి కాదు. తొమ్మిది మంది చుట్టూ ఉన్నారన్న ధైర్యమే ఇక్కడ ప్రమాదం. ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళు చూస్తున్నారనుకుంటారు. అందుకని నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక్క మనిషి పేరు చెప్పి పెట్టండి, ఆ మనిషి పాపకి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. వీడియో తీయాలనుకుంటే ఇంకెవరైనా తీస్తారు. వంతు మారేటప్పుడు "ఇప్పుడు నీ దగ్గర ఉంది" అని నోటితో చెప్పి మారండి. అలలు వచ్చే కొలను దగ్గరికి పాపని తీసుకెళ్ళనే వద్దు, ఎత్తుకుని అయినా సరే. కొలను గట్ల రాళ్ళు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, రబ్బరు చెప్పులు తీయకండి. ఎండ తగిలే చోట పిల్లల సన్‌స్క్రీన్ రాసి, నీళ్ళలోంచి వచ్చాక మళ్ళీ రాయండి.

తప్పిపోతే అన్న టెన్షన్ మీకు ఉంటుంది, రాయకపోయినా. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఆ రోజు బట్టల్లో పాప ఫోటో ఒకటి తీసి ఉంచండి, ఆమె చేతి మీద బాల్ పెన్నుతో మీ ఇద్దరి నంబర్లూ రాయండి. నీళ్ళలో చెరిగితే మళ్ళీ రాయండి.

మే నెలలో సాయంత్రాలు గాలివానలు కొడతాయి. ఉరుములు మొదలైతే బయటి రైడ్లు ఆపేస్తారు, డబ్బులు వెనక్కి రావు. అందుకని పెద్ద పిల్లలకి ముఖ్యమైనవి సాయంత్రానికి దాచుకోకుండా ముందే ఎక్కేయమని చెప్పండి.

అత్తగారి గురించి ఒక మాట. ఆవిడని ఆయాగా లెక్కేసుకోకండి, ఆవిడ కూడా రోజంతా కుర్చీ వెతుక్కుంటూ గడపకూడదు. పాప ఉన్నంతసేపు పక్కన ఉంటారు, కబుర్లు చెబుతారు, నాలుగున్నరకి బయల్దేరతారు. కానీ పరుగెత్తే పిల్ల వెనక పరుగెత్తే పని ఆవిడది కాదు.

ఆదివారం ఏం చేయాలి? పెద్దగా ఏమీ వద్దు. అందరూ ఆలస్యంగా లేవండి. సాయంత్రం ఎండ తగ్గాక నెక్లెస్ రోడ్డు వైపు వెళ్ళండి, లుంబినీ పార్కులో పడవెక్కండి, ఓపికుంటే ఎన్టీఆర్ గార్డెన్స్‌లో కాసేపు తిరగండి. పాపకి ఇది వండర్‌లా కన్నా నచ్చుతుంది, ఖర్చు అందులో పదో వంతు కూడా కాదు. వాళ్ళు నెలాఖరు దాకా ఉంటారు కాబట్టి ఇంకో రోజు నెహ్రూ జూ పార్కు కూడా పెట్టుకోవచ్చు. పొద్దున్నే గేట్లు తీసేసరికి ఉండి, పదిన్నరకల్లా బయటపడాలి. 380 ఎకరాలు నడిపించాలని చూడకండి. బ్యాటరీ బండి ఎక్కండి, ఏనుగు దగ్గరా కోతుల దగ్గరా దిగండి, టాయ్ ట్రైన్ ఒక రౌండ్, ఇంటికి. సోమవారం జూకి సెలవు, అది గుర్తుంచుకోండి. స్నో వరల్డ్ (కృత్రిమ మంచు పార్కు) అని మీ మేనకోడలు అడుగుతుంది. పెద్ద పిల్లల్ని పంపండి, పాపని వద్దు. నలభై డిగ్రీల్లోంచి సున్నాకి దిగువకి వెళ్ళి, గ్లోవ్స్ పీకేసి, పది నిమిషాల్లో బయటికి రావడానికి అన్ని టికెట్లు దండగ.

రామోజీకి డిసెంబరులో వెళ్ళండి, వారం మధ్యలో. అప్పటికి పాపకి మూడేళ్ళు దగ్గరపడతాయి, మధ్యాహ్నం పాలు మానేసి ఉంటే మీవారు కూడా పడుకోబెట్టగలరు. ఎండ ఉండదు కాబట్టి రోజంతా ఉండొచ్చు. స్టూడియో చూపించే ఎర్ర బస్సు, పక్షుల పార్కు, సీతాకోకచిలుకలు, పిల్లల ఆటల కోసం కట్టిన ఫండుస్తాన్, పాపకి వీటితోనే రోజు గడిచిపోతుంది, మిగతావి కుదిరితే చూడండి. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకులు పేలుతాయి, ఆ చప్పుడుకి చిన్నపిల్లలు జడుసుకుంటారు, అది మొదలయ్యే వేళకి ఎవరో ఒకరు పాపని బయట తిప్పాలి. ఆ వంతు కూడా ముందే రాసుకోండి. బోరాసుర అనే దెయ్యాల గుహలోకి మాత్రం పెద్ద పిల్లలు ఎంత లాగినా పాపని తీసుకెళ్ళకండి. అందులోకి వెళ్ళి వచ్చాక రాత్రి లైటు తీయనివ్వకపోతే లేచి కూర్చోవాల్సింది మీరే.